కొండ నెక్కని వారసత్వము

ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన మన సంఘములు ప్రకటించు ప్రత్యేక సంచికలలో శాతవాహనులను స్మరింపని సంచిక అరుదు. మహారాష్ట్రమునందలి సంఘముల మాట వేరుగ చెప్ప నక్కరలేదు. గోదావరి పుట్టిన సీమ మొదలుకొని గోదావరి కడలిని గలియు సీమ వరకు నేలిన మహారాజులు మనవారనియు, కావున ఈ నేలకు మనము క్రొత్తవారము కామనియు ప్రతి సంవత్సరము ఒక వ్యాసకర్త వ్రాయును. ప్రతి సభయందును ఒక వక్త ఉద్ఘాటించును. సభాసదులు కరతాళధ్వనులు చేయుదురు. అటుపిమ్మట పులిహోర పొట్లములు పంచబడును. మరుసటి యేడు మరల అదే వ్యాసము, అదే యుపన్యాసము, అవే చప్పట్లు.

ఈ గొప్పను గూర్చి మాకొక అభ్యంతరము గలదు. అది పూర్తిగా అసత్యమని మా వాదము కాదు. సత్యాసత్యముల విచారణ పండితులకు వదలుదము. మా యభ్యంతర మేమనగా, ఈ గొప్ప చెప్పుకొనుటకు మనము ఇంతవరకు ఏ మూల్యమును చెల్లింపలేదు. ముంబయి నుండి ఒక పూట ప్రయాణములో, నాసిక నగరమునకు సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరమున, ఆగ్రా పోవు రహదారి ప్రక్కనే త్రిరశ్మి యను కొండ యున్నది. శాతవాహనుల మాటలు శాతవాహనుల యక్షరములలో ఆ కొండ గోడలపై నేటికిని నిలిచియున్నవి. శాతవాహనులు మావారని సభలలో పలుకు పెద్దలలో ఎందరు ఆ మెట్లెక్కిరి? ఎక్కిన కొలదిమందిలో ఎందరు ఆ గోడల యెదుట ఐదు నిమిషములు నిలిచిరి?

వారసత్వము రక్తమువలన వచ్చునది కాదు, పోషణమువలన నిలుచునది. ఇది మేము కల్పించిన నీతి కాదు. ఆ కొండపై చెక్కియున్న శాసనము లన్నింటి సారాంశ మిదియే. దానిని చూపుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

త్రిరశ్మి గుహలు 24. ప్రాకృత శాసనములలో ఈ కొండపేరు 'తిరణ్హు' అని యున్నది. జనులు వీనిని పాండవలేణి యందురు. నల్లరాతి కొండ నడుమున, శిఖరమునకు దిగువగా, ఇంటిముందరి పొడవైన అరుగువలె ఒక చదును సాగును. దాని వెంబడి విహారములు, ఒక చైత్యము, నీటితొట్లు వరుసగా తొలువబడి యున్నవి. క్రీస్తునకు పూర్వము శాతవాహన వంశజుడగు కృష్ణరాజు కాలమున, శ్రమణుల యోగక్షేమములు చూచు నాసిక మహామాత్రుడొకడు తొలిపించిన చిన్నగుహ వీనిలో మిక్కిలి ప్రాచీనము. క్రింది నుండి మెట్లదారిన ఎక్కుటకు అరగంట పట్టదు. కొండ ఎత్తు మనకు అడ్డు కాదని దీనివలన తెలియుచున్నది. అడ్డు మన మనస్సులో నున్నది.

ఈ మెట్లు కొండ పాదమున మొదలగుచున్నవని యనుకొనుట పొరపాటు. ప్రాచీనుల దృష్టిలో ఈ సోపానపంక్తి సముద్రతీరమున మొదలగుచున్నది. క్షహరాత వంశపు క్షత్రపుడగు నహపానుని అల్లుడు ఉషవదాతుడు. ఇతడు శకుడు. త్రిరశ్మిపై పదియవ గుహను తొలిపించి, దాని గోడపై తన దానముల పట్టికను చెక్కించెను. భరుకచ్ఛము, దశపురము, గోవర్ధనము, శూర్పారకము అను నాలుగు చోట్ల బాటసారులకు చతుశ్శాలలైన సత్రములు కట్టించెనట. బావులు, చెరువులు త్రవ్వించెనట. ఇబా, పారదా, దమణ, తాపి, కరబేణా, దాహనుకా అను ఆరు నదులపై రుసుము లేకుండ పడవలు నడిపించెనట. ఆ నదుల ఇరుగట్టులను సభామండపములను, చలిపందిళ్లను ఏర్పరచెనట. శూర్పారకము నేటి నాలా సొపారా. దాహనుకా నేటి డహాణు ప్రాంతపు నది. ముంబయి నుండి సూరతు పోవు రైలులో మన కార్మిక సోదరులు ప్రతిదినము దాటు నదులే వీనిలో పెక్కు. రైలు వంతెనపై ఒక్క నిమిషములో దాటిపోవు ఆ నదిని రెండు సహస్రాబ్దములకు పూర్వము ఒక భిక్షువు, ఒక బేహారి, ఒక ముదుసలి తల్లి ఉచితపు పడవలో దాటి, గట్టున మంచినీళ్లు త్రాగి, సత్రమున తలదాచుకొని, గోవర్ధనము చేరి త్రిరశ్మి నెక్కిరి. యాత్రయనగా నిదియే. గమ్యము ఒక్కటియే యాత్ర కాదు. దారిలో దాహము తీర్చిన ప్రతిచేయియు యాత్రలోని భాగమే.

ఇంక ఆ కొండపై మూడవ గుహ. ఆరు స్తంభముల ముఖమండపము. దాని బరువును భుజములపై మోయుచున్నట్లు నేలలోనుండి మొలమట్టుకు లేచిన భారీ విగ్రహములు. లోపల విశాలమైన హాలు, మూడు ప్రక్కల 18 గదులు. వెనుకగోడపై చెక్కిన స్తూపము. ముఖమండపపు గోడపై గౌతమీ బలశ్రీ శాసనము. వాసిష్ఠీపుత్ర పుళుమావి 19వ రాజ్యసంవత్సరమున వేయించినది. మహారాజునకు తల్లియు మహారాజునకు నాయనమ్మయునైన ఆ వృద్ధరాణి, గతించిన తన కుమారుడు గౌతమీపుత్ర శాతకర్ణి గుణములను తలచుకొని, భద్రాయణీయ శాఖకు చెందిన భిక్షువులకు ఈ లేణమును దానము చేసినది. కుమారుని గుఱ్ఱములు మూడు సముద్రముల నీరు త్రావినవని ఆ తల్లి చెప్పును. క్షహరాతవంశమును నిశ్శేషము గావించి శాతవాహనకులయశమును మరల నిలిపినవాడని చెప్పును.

మన వ్యాసకర్తలు ఇంతవరకే చదివి పుస్తకము మూయుదురు. మూడు సముద్రముల గుఱ్ఱములు వారికి చాలును. కాని అదే మండపమున ప్రక్కగోడపై నున్న రాజాజ్ఞలను చదువువారు లేరు. ఎపిగ్రాఫియా ఇండికా ఎనిమిదవ సంపుటమున సెనారు పండితుడు వీనినన్నింటిని అర్థముతో ప్రకటించి నూరేండ్లు దాటినది. గ్రంథము దొరకలేదను సాకు కూడ మనకు మిగులలేదు.

ఆ యాజ్ఞలలో ఏమున్నది? తన 18వ సంవత్సరమున గౌతమీపుత్రుడు గోవర్ధనమునందలి అమాత్యునకు ఉత్తరువు పంపెను. పూర్వము ఉషవదాతుని యనుభవములో నుండిన 200 నివర్తనముల పొలమును త్రిరశ్మి శ్రమణులకు ఇచ్చుచున్నాననియు, ఆ పొలమున రాజభటులు ప్రవేశింపరాదనియు, ఉప్పు కొరకు త్రవ్వరాదనియు అందులో నున్నది. 24వ సంవత్సరమున మరియొక ఉత్తరువు. ఇది రాజును, రాజమాతయు కలిసి పంపినది. శ్రమణులకు పూర్వమిచ్చిన పొలము దున్నబడుట లేదనియు, ఆ యూర జనులు వసించుట లేదనియు తెలిసినది. కావున పట్టణపు పొలిమేరలోనున్న రాజుగారి సొంతభూమి నుండి 100 నివర్తనములు ఇచ్చుచున్నాము అని దాని తాత్పర్యము. పుళుమావి కాలమునను ఇట్లే ఒక గ్రామమునకు బదులు మరియొక గ్రామము ఇయ్యబడినది.

పాఠకులు ఇచట ఒక్కక్షణము నిలువవలెను. మూడు సముద్రముల రాజు, ఒక కొండమీది సన్న్యాసుల పొలము బీడు పడినదని తెలిసికొని, తాను లోగడ ఇచ్చితినిగదా యని చేతులు దులుపుకొనక, మరల ఇచ్చెను. దానము చేయుట గొప్ప కాదు. ఇచ్చినది పనిచేయుచున్నదో లేదో విచారించుట గొప్ప. శాతవాహనుల గొప్ప గుఱ్ఱములలో నున్నదని మనవారు. ఈ బీడుపొలపు విచారణలో నున్నదని మేము.

మరియొక విశేషము. ఆ రాజు క్షహరాతులను నిర్మూలించినవాడు. వారి యల్లుని శాసనములు పదియవ గుహ గోడపై, తన తల్లి గుహకు కొలది దూరముననే యున్నవి. వానిని చెక్కివేయించుట ఎంతపని? చెక్కివేయింపలేదు. వైరము వంశముతో, ధర్మముతో కాదు. శకుని దానపత్రమును శాతవాహనుని దానపత్రమును నేటికిని ఒకే యరుగుపై నిలిచి, వచ్చినవారిని సమముగా పలుకరించుచున్నవి.

ఉషవదాతుని దానములలో మన సోలాపురపు, భివండి మగ్గముల సోదరులు ప్రత్యేకముగా వినవలసిన దొకటి గలదు. ఇతడు 3,000 కార్షాపణములను గోవర్ధనమునందలి నేతపనివారి శ్రేణులయొద్ద శాశ్వతనిధిగా నుంచెను. 2,000 ఒక శ్రేణియొద్ద, నూటికి నెలకు 1 చొప్పున వడ్డీకి. 1,000 వేరొక నేతశ్రేణియొద్ద, నూటికి నెలకు ముప్పాతిక చొప్పున వడ్డీకి. అసలు ఎన్నడును తిరిగి యియ్యరాదు. వడ్డీ మాత్రమే యనుభవింపవలెను. మొదటిదానిపై ఏటికి వచ్చు వడ్డీ 240. ఆ గుహలో వర్షావాసము చేయు భిక్షువులు 20 మంది. ఒక్కొక్కనికి చీవరము కొరకు 12 చొప్పున 240. లెక్క పైసా తప్పలేదు. రెండవదానిపై వచ్చు 90 ఇతర వెచ్చములకు. తరువాతి కాలమున, ఆభీర రాజగు ఈశ్వరసేనుని నాట, విష్ణుదత్త యను శకస్త్రీ, రోగగ్రస్తులైన భిక్షువుల మందులకై ఇట్లే శ్రేణులయొద్ద ధనము నిలిపెను. ఆ శ్రేణులలో నీటియంత్రములు చేయువారు, గానుగవారు గలరు.

రాజు దానమిచ్చెను సరే, ఆ దానమును తరతరములు మోసినవారెవరు? మగ్గముపై కూర్చున్నవారు. రాజుల సొమ్మును నమ్మి దాచుటకు తగినవారని ఆనాడు పేరుపడినవారు సాలెలు. ఆ సాలెలు ఏ భాష మాటలాడిరో మనకు అక్కరలేదు. వారి వృత్తిలో నుండి, వారి నదీతీరమున కడుపు నింపుకొనుచున్న మన పద్మశాలీ సోదరులకు ఆ కొండతో గల బంధము, ఏ రాజవంశ వృక్షములో వెదకిన బంధముకంటెను దృఢమైనది. ఈ బంధమును గూర్చి మన సంచికలలో ఒక్క పంక్తి వచ్చినదా? రాజులు మావారన్న ఉత్సాహములో సాలెలు మావారను మాట మరచితిమి!

ఇంక 'ఎవరివారు' అను తగవు. మత్స్య వాయు పురాణములు ఈ రాజులను ఆంధ్రులనుచున్నవి. తెలంగాణమున కోటిలింగాలయందు తొలి శాతవాహన నాణెములు దొరకినవి. కావున మనవారు మన వాదము చేయుదురు. తొలి శాసనములు నానాఘాటమునను నాసికమునను గలవు; కావున మరాఠీ పండితులు వారి వాదము చేయుదురు. త్రిరశ్మి గోడ ఈ తగవులో ఏ పక్షమును వహింపదు. బలశ్రీ తన కుమారుడేలిన దేశములను పేర్కొన్నది: ఋషిక, అశ్మక, ములక, సురాష్ట్ర, కుకుర, అపరాంత, అనూప, విదర్భ, ఆకరావంతులు. ఆ పట్టికలో ఆంధ్రమను మాట లేదు. మహారాష్ట్రమను మాటయు లేదు. ఆ శాసనముల భాష తెలుగు కాదు, మరాఠీ కాదు; ప్రాకృతము. ఉభయులము ఆ గోడ నెక్కి మా యింటిపేరు చూపుమనిన, అది చూపదు.

అది చూపునది వేరు. పదునేడవ గుహను తొలిపించినవాడు ఇంద్రాగ్నిదత్తుడను యవనుడు. తాను ఉత్తరదేశీయుడననియు, దాత్తామిత్రి నగరవాసిననియు చెప్పుకొని, తల్లిదండ్రుల పుణ్యమునకై గుహను, చైత్యమును, నీటితొట్లను ఇచ్చెను. ఎనిమిదవ గుహ శాసనము ముగుదాసుడను బెస్తవానిది. ఇరువదియవ గుహను బోపకి యను యతి మొదలుపెట్టగా, అనేక సంవత్సరములు అసంపూర్తిగా నుండినదానిని, యజ్ఞశ్రీ శాతకర్ణి ఏడవ సంవత్సరమున భవగోపుడను మహాసేనాపతి భార్య వాసు పూర్తిచేయించెను. ఈ దానములలో పెక్కు 'చాతుర్దిశ భిక్షుసంఘము'నకు, అనగా నాలుగు దిక్కులనుండి వచ్చు సంఘమునకు సమర్పితములు.

పరదేశమున తరతరములుగా కాపురముండు మనకు ఇంతకంటె ఓదార్పు మాట యేమున్నది? ఆ యవనుడు ఈ కొండ మా తాతలది యనలేదు. నేను ఫలానాచోట నుండి వచ్చితినని నిజము చెప్పి, ఒక తొట్టి తొలిపించెను. అంతటితో కొండ వానిది కూడ నైనది. పరాయినేలపై మన హక్కునకు మూలము పూర్వులు కారు. మనమక్కడ త్రవ్వించిన నీరు. 'క్రొత్తవారము కాము' అని ఎన్నిమారులు చెప్పుకొన్నను అది బెదరినవాని మాటవలె నుండును. 'వచ్చితిమి, ఇది యిచ్చితిమి' అనుట నిబ్బరముగల మాట.

ఇచట కొందరు పెద్దలు చేయు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది.

మొదటిది: అది బౌద్ధుల క్షేత్రము, మనకేల యనునది. ఇట్లు పలుకువారే శాతవాహనులు మావారనుచుందురు! గౌతమీపుత్రుని తల్లి తన కుమారుని అద్వితీయ బ్రాహ్మణుడని కీర్తించుచునే బౌద్ధభిక్షువులకు గుహ నిచ్చినది. ఉషవదాతుడు బ్రాహ్మణులకు గోవులను గ్రామములను ఇచ్చి, పుష్కరతీర్థమున స్నానమాడి, భిక్షువులకు చీవరములకు నిధి నుంచెను. ఒకే యింట రెండు భక్తు లిముడుట వారికి కష్టము కాలేదు. మనకు కష్టమగుచున్నచో, వారు మనవారని చెప్పుకొనుట మానుదము.

రెండవది: రక్షణ ప్రభుత్వము చూచుకొనును గదా యనునది. పురాతత్త్వశాఖ రాతిని కాపాడగలదు. రాతిపైనున్న మాటను మన పిల్లల నోటికి అందింపజాలదు. కావలివాడు తలుపు వేయును, తీయును. చదివి చెప్పు పని వానిది కాదు.

మూడవది: వృద్ధులు ఎక్కజాలరు, మోటారు పైవరకు పోవు దారి వేయింపుడని సంఘము కోరవలెను అనునది. అశక్తులకు సాయము కావలెననుటలో మాకు భేదాభిప్రాయము లేదు. కాని ఆ కోరిక కోరువారిలో వృద్ధులకంటె, నాలుగడుగులు వేయుటకు విసుగు చెందు యువకులే యెక్కువ. బండి గుహ వాకిట నిలిచినచో ఏమగునో చూడదలచినవారు స్వదేశమునకే పోయి చూడవచ్చును. విశాఖపట్టణము చేరువను తొట్లకొండ గలదు. 1976లో నౌకాదళమువారి విమానపు సర్వేలో బయటపడి, 1988 మొదలు 1993 వరకు త్రవ్వకములు జరిగిన మహావిహారము. రాతిలో తొలిచిన నీటితొట్లవలన ఆ పేరు. దానిపైకి మోటారుదారి యున్నది. పోవువారిలో పలువురు సముద్రమును చూచి, ఛాయాచిత్రములు తీయించుకొని, తొట్లవంక చూడకయే దిగివచ్చుచుందురు. సులభముగా చేరినచోట మనస్సు నిలువదు. మెట్టుమెట్టునకు ఊపిరి తీసికొని చేరినవాడు పైన కూర్చుండును, కూర్చున్నవాడు చూచును, చూచినవాడు అడుగును. నడక ఆ దేవళమునకు వెలుపలిది కాదు, దాని మొదటి మంటపము.

నాలుగవది: పాండవలేణి యను పేరు జనులు పెట్టినది, దానిని తప్పుపట్టనేల యనునది. తప్పుపట్టుట లేదు. పెద్దవాని నన్నింటిని పాండవులకు అంటగట్టుట మన దేశపు ప్రజల ముద్దు. కాని మరపు ముద్దుగానే నిలిచిపోదు. అనకాపల్లి చేరువను శంకరమునందు బొజ్జన్నకొండ యున్నది. బుద్ధుని కొండ యనుటయే కాలక్రమమున ఆ పేరైనదని చెప్పుదురు. ఏకశిలా స్తూపములు వరుసలు తీరిన దాని ప్రక్కకొండ జనుల కన్నులకు లింగాలకొండ యైనది. అంతవరకు బాగే. కాని బొజ్జన్నకొండపై కనుమపండుగనాడు జనులు గుమిగూడి, అచటి బొజ్జరూపమును రాక్షసుడని తలచి రాళ్లు రువ్వు ఆచారము ఇటీవలి కాలమువరకు నుండెడిది. పేరు మరచిన తరములో పువ్వులు ఆగును. అర్థము మరచిన తరములో రాళ్లు మొదలగును. సొంతగడ్డపై మన వారసత్వమును మనము కాపాడిన తీరు ఇది. పరదేశమున అంతకంటె మేలుగా చేయుదుమని చూపుటకు త్రిరశ్మి మన కొక యవకాశము.

ఇంతవరకు చెప్పినది పెద్దలకు కొంత చేదుగా నుండియుండును. ఇప్పుడు చెప్పబోవునది ఇంకను చేదు. ఆ మెట్లను నేడు భక్తితో ఎక్కువా రెవరు? 1956 అక్టోబరు 14వ తేదీన నాగపురమున డాక్టర్ అంబేద్కర్ బౌద్ధదీక్షను స్వీకరించి, వెంటనున్న లక్షలాది జనులకు దీక్ష నొసగెను. ఆ దినము మొదలు మహారాష్ట్రమున బౌద్ధము గోడలపైని జ్ఞాపకముగా గాక జీవించుచున్న మతముగా నున్నది. కొండ పాదమున బుద్ధస్మారకము వెలసినది. ఆ కుటుంబములవారు తెల్లని వస్త్రములు ధరించి, పిల్లలను చంకనెత్తుకొని, చైత్యము ముందర చేతులు జోడించుచున్నారు. శాతవాహనులు మా తాతలని వారనరు. కాని బలశ్రీ ఎవరికొరకు ఆ గుహ తొలిపించినదో, ఆ పని ఆ గుహలో నేడు జరుగుచున్నదనిన, అది వారివలననే.

మన సంఘముల ఆహ్వానపత్రికలు వారి వాడలకు పోవు. సాంస్కృతిక సభకు మంత్రులను పిలుతుము, వ్యాపారులను పిలుతుము. ఆ కొండను బ్రతికించుచున్నవారిని పిలువము. రాజు మనవాడు, రాజు పూజించిన సంఘము మాత్రము మనకు పరాయిది! ఈ విచిత్రమునకు కారణము ప్రాచీన చరిత్రలో లేదు. మన వీధిలో, మన పంక్తిభోజనములో నున్నది. బెస్తవాని పేరును మహాసేనాపతి భార్య పేరును ఒకే యరుగుపై చెక్కుకొన్న కొండ యెదుట ఈ సంకోచము నిలువజాలదు. దీనిని దాటనిచో మనము పైకెక్కినను క్రిందనే యుందుము.

కావున మా సూచనలు నాలుగు.

ఒకటి. వర్షములు వెనుకబట్టిన పిమ్మట కార్తీకమున ప్రతి సంఘమును కుటుంబములతో త్రిరశ్మికి యాత్ర సాగింపవలెను. కొండ పాదమునుండి నడచియే ఎక్కవలెను. వనభోజనము మన యాచారము. చక్కగా చేయుదము, కాని కొండక్రింద. పైన విస్తరాకులు వద్దు, ధ్వనియంత్రములు వద్దు, అంత్యాక్షరి వద్దు. నడువలేనివారికి మన యువకులు చేయూత యియ్యవలెను. మెట్ల వద్ద విశ్రమించుటకు బల్లలు, పట్టుకొనుటకు కడ్డీలు ఎక్కడ చాలలేదో చూచి, పురాతత్త్వశాఖకు విన్నవించి, అనుమతితో ఏర్పాటు చేయింపవలెను.

రెండు. మన పిల్లలకు బ్రాహ్మీలిపి నేర్పవలెను. వారిలో పెక్కురు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. బడిలో నేర్చినది దేవనాగరి. ఆ గోడపైనున్న బ్రాహ్మీ అక్షరములే తెలుగునకును దేవనాగరికిని మూలము. ఆ గోడయొద్ద నిలిపి, క, గ, ర అను అక్షరములు ఎట్లు మారుచు ఇటు తెలుగైనవో అటు నాగరియైనవో చూపినచో, ఇంటి అక్షరమునకును బడి అక్షరమునకును గల చుట్టరికము బాలునకు అరగంటలో తెలియును. మన తెలుగు తరగతులు పదియేండ్లుగా సాధింపలేని దానిని ఆ గోడ ఒక్కపూటలో సాధింపగలదు.

మూడు. ఆ శాసనముల తాత్పర్యమును ఒక చిన్న పుస్తకముగా తెలుగునను మరాఠీయందును ప్రక్కప్రక్కన అచ్చొత్తింపవలెను. ఎవరివారను తగవు అందులో నుండరాదు. ఎవరేమిచ్చిరో అదియే యుండవలెను. ఆ పుస్తకమును అచటి బౌద్ధసోదరులతో కలిసి సిద్ధపరచుట మనకు గౌరవము.

నాలుగు. ఒక శాశ్వతనిధి. అసలు కదలరాదు, వడ్డీతో ప్రతియేడు కొండ పాదమున యాత్రికులకు మంచినీరు, మెట్లవద్ద జారిపడినవారికి ప్రథమచికిత్స, బ్రాహ్మీ నేర్చిన పిల్లలకు బహుమతులు. నిధి చిన్నదైనను సరే, లెక్క ఉషవదాతుని లెక్కవలె పైసా తప్పకుండవలెను. ప్రతి వార్షికసభలోను ఆ లెక్కను చదువవలెను. పొలము బీడు పడినదని తెలిసిననాడు, గౌతమీపుత్రునివలె వేరు పొలము చూపవలెను. ఈ నిధిని కాచు బాధ్యత మొట్టమొదట మా మగ్గముల సోదరులకే అప్పగింపవలెనని మా కోరిక. వారికి రెండువేల యేండ్ల యోగ్యతాపత్రము గోడపై నున్నది.

ఇవి గొప్పపనులు కావు. వేదికకు వేయు పందిరి ఖర్చులో కొంతభాగము చాలును. ఒరిస్సా, తమిళ, కర్ణాటక, యానాముల సోదరులకు త్రిరశ్మి దూరము కావచ్చును. కాని ప్రతివారి చేరువను ఏదో యొక కొండ, ఏదో యొక తొట్టి, చదువువారు లేని ఏదో యొక గోడ యుండకపోదు. తగవు మాని దానిని వెదకుకొనవలెను.

ఈ నాలుగింటిలో ఒక్కటైనను ఆరంభించువరకు, మన సంచికలలో 'మన శాతవాహనులు' అను శీర్షికకు విరామ మిచ్చుట మేలని సంపాదకులకు మా మనవి. ఆ పుటలు ఖాళీగా విడిచినను నష్టము లేదు. త్రిరశ్మిపై ఉషవదాతుని శాసనము ప్రక్కన ఖాళీగోడ నేటికిని కొంత యున్నది. అచట చెక్కుటకు మనకు అధికారము లేదు. కాని చెక్కదగిన పని యొక్కటి చేసితిమా యని ఆ గోడ యెదుట నిలిచి ప్రశ్నించుకొను నధికారము మెట్లెక్కిన ప్రతివానికిని గలదు.